ఒకే వాన, వేర్వేరు లెక్కలు: వర్షాల తీరు మారితే ఏ ఇంటిపై ఎంత భారం?

వార్తల్లో తరచూ కనిపించే ‘ఈతిబాధలు’ అనే మాటకు నేడు ‘సామాన్యుల కష్టాలు’ అన్న అర్థమే మిగిలింది. సంప్రదాయ గణనలో ఈతులు ఆరు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజుల దండయాత్ర. ఆరింటిలో మొదటి రెండూ వానకు సంబంధించినవే. వాన కరవైనా, కట్టలు తెగినా పంట పోతుందని ఆ జాబితా కూర్చినవారికి తెలుసు. అందులో చేరని విషయం ఒకటుంది. ఒకే ఊరిపై కురిసిన ఒకే వాన ఆ ఊరిలోని ఇళ్లన్నింటినీ ఒకే తీరున తాకదు. ఎవరికి ఎంత నష్టం జరిగిందన్నది ఎంత వాన పడిందన్న దానిపై కొంత, ఆ ఇంట ఏముందన్న దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ తేడాను లెక్కగట్టే పని ఆర్థిక శాస్త్రవేత్తలు ఐదు దశాబ్దాలుగా చేస్తున్నారు. అందులో ముఖ్యమైన భాగానికి ఆధారం తెలంగాణ, మహారాష్ట్రల్లోని కొన్ని మెట్ట గ్రామాలు కావడం విశేషం.

మొత్తంలో కనిపించని మార్పు

నైరుతి రుతుపవన కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, దేశ సగటు వర్షపాతం 87 సెంటీమీటర్లు. 1971–2020 మధ్య కాలపు నమోదుల నుంచి భారత వాతావరణ విభాగం తీసిన సగటు ఇది. ఏటా సీజను ముగిశాక వెలువడే ప్రకటన ఈ అంకెతోనే పోల్చి చెబుతుంది.

2023 సంవత్సరాన్ని చూడండి. ఆ సీజను వర్షపాతం దీర్ఘకాల సగటులో 94 శాతం. ఆరు శాతం లోటు పెద్దదేమీ కాదనిపిస్తుంది. నెలవారీగా విడదీస్తే చిత్రం మారిపోతుంది. జూన్‌లో 9 శాతం లోటు, జులైలో 13 శాతం అధికం, ఆగస్టులో 36 శాతం లోటు, సెప్టెంబరులో మళ్లీ 13 శాతం అధికం. 1901 నుంచి ఉన్న నమోదుల్లో అంతటి పొడి ఆగస్టు మరొకటి లేదు. జులై వానలకు విత్తిన మెట్ట రైతుకు ఆగస్టు బెట్టలో పైరు వాడిపోతే, సెప్టెంబరు వాన సగటును సరిచేస్తుందే తప్ప పొలాన్ని సరిచేయదు.

తెలుగు సేద్యపు భాషలో అదును, పదును అనే రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. అదును కాలానికి చెందినది, పదును నేలలోని తడికి చెందినది. మృగశిర కార్తెలో వాన పడితే విత్తడానికి అదును వచ్చినట్టు. ఆ వాన మట్టిలోకి సరిపడా ఇంకితే పదును ఉన్నట్టు. వేరుశనగకు ఊడలు నేలలోకి దిగే వేళ, కాయ ఊరే వేళ పదును తప్పనిసరి. ఆ రోజుల్లో వాన రాక, తర్వాత రెట్టింపు కురిసినా ప్రయోజనం స్వల్పమే. వర్షపాత పట్టికలో మాత్రం రెండూ ఒకే వరుసలో మిల్లీమీటర్లుగా నమోదవుతాయి. జిల్లా వర్షపాతం సాధారణానికి 19 శాతం అటూఇటూ ఉన్నంత వరకు దానిని ‘సాధారణం’ గానే వర్గీకరిస్తారు. ఆ గడిలో ఎన్ని బెట్టలు దాగి ఉంటాయో చెప్పడం కష్టం.

మారుతున్నది ప్రధానంగా ఈ అమరికే. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం ఎక్కువ. మధ్య భారతంలో 1950–2015 మధ్య విస్తృత ప్రాంతాన్ని ముంచెత్తే అతి భారీ వర్షాల ఘటనలు మూడు రెట్లు పెరిగాయని 2017లో రాక్సీ మాథ్యూ కోల్, సహ పరిశోధకులు వెల్లడించారు. అదే కాలంలో ఆ ప్రాంతపు మొత్తం వర్షపాతం తగ్గుముఖం పట్టింది. ఒకే ప్రాంతంలో, ఒకే సీజనులో అతివృష్టి, అనావృష్టి పక్కపక్కనే నిలుస్తున్నాయన్న మాట.

వాన తప్పక ముందే పడే జరిమానా

మెదక్ ప్రాంతంలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1975లో ఆరు గ్రామాల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు వాటిలో రెండు. మిగిలిన నాలుగు మహారాష్ట్రలోని సోలాపుర్, అకోలా జిల్లాలవి. ఒక్కో ఊరిలో 40 కుటుంబాలను ఎంచుకున్నారు. 30 సాగుదారులవి, 10 భూమిలేని కూలీలవి. సర్వే సిబ్బంది ఊళ్లోనే కాపురముండి, కొద్ది వారాలకోసారి ప్రతి ఇంటి రాబడి, ఖర్చు, అప్పు, కూలి, పశువులు, పంటల వివరాలు రాసుకున్నారు. ఒక ఇంటి జమాఖర్చును ఏళ్ల తరబడి అంత ఓపికగా నమోదు చేసిన ఉదాహరణలు అప్పటికి ప్రపంచంలోనే అరుదు.

ఈ సమాచారం ఆధారంగా 1993లో మార్క్ రోజెన్‌జ్వైగ్, హాన్స్ బిన్స్‌వాంగర్ ప్రచురించిన ఫలితం ఈ చర్చకు కీలకం. రుతుపవనం ఏ తేదీకి వస్తుందన్న అనిశ్చితి గణాంక పరిభాషలో ఒక ప్రామాణిక విచలనం మేర పెరిగితే, మధ్యస్థ ఆస్తి గల కుటుంబం సాగు లాభం 15 శాతం తగ్గుతుంది. ఆస్తిలో అట్టడుగున ఉన్న నాలుగో వంతు కుటుంబాలకు ఆ తగ్గుదల 35 శాతం. సంపన్నుల లాభాలపై ప్రభావం నామమాత్రం.

ఇక్కడ గమనించవలసింది, ఈ నష్టం వాన తప్పిన ఏటిది మాత్రమే కాదు. వాన తప్పవచ్చునన్న భయానికి పేద రైతు ముందుగానే చెల్లించే మూల్యం ఇందులో ఉంది. చేతిలో నిల్వ లేని రైతు ఎక్కువ రాబడినిచ్చే పంట జోలికి పోడు. ఎండినా గుప్పెడు గింజలు మిగిల్చే పంటనే ఎంచుకుంటాడు. ఎరువు తగ్గించి వేస్తాడు. తన భూమిని ముక్కలుగా చేసి, ముందో భాగం, వెనకో భాగం విత్తుతాడు. ఇది తెలివితక్కువతనం కాదు, తన స్థితిలో అదే వివేకం. కానీ ఆ వివేకం వల్ల వాన చక్కగా కురిసిన ఏడు కూడా అతని రాబడి పొరుగు పెద్ద రైతు రాబడిని అందుకోదు. మంచి ఏళ్లలో కూడా అంతరం పెరగడానికి ఇదొక మార్గం. కరవు వార్తలు రాసేటప్పుడు మనం సాధారణంగా ఈ భాగాన్ని వదిలేస్తాం. ఎండిన పొలాన్ని ఫొటో తీయవచ్చు. వేయని పంటను ఎవరు తీయగలరు?

ఊరంతా ఒకేసారి చేయి చాచినప్పుడు

ఒక ఇంట జబ్బు వచ్చినా, ఎద్దు చచ్చినా చుట్టుపక్కలవారు చేబదులు ఇస్తారు. ఇవే గ్రామాల లెక్కలను 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ పరిశీలించినప్పుడు, ఒక కుటుంబం ఆదాయం పడిపోయినా దాని తిండి ఖర్చు అంతగా పడిపోవడం లేదని, ఊరి సగటుతో పాటే నడుస్తోందని తేలింది. ఊరే ఒక బీమా సంస్థలా పనిచేస్తోందన్న మాట. అయితే ఆయన చూసిన మూడు గ్రామాల్లో ఒక చోట భూమిలేనివారికి ఆ రక్షణ తక్కువగా అందింది. పైగా ఈ ఏర్పాటుకు స్వభావసిద్ధమైన పరిమితి ఉంది. వాన ఊరందరికీ ఒకేసారి తప్పుతుంది. అప్పుడు ఇచ్చే చేయి ఊళ్లో ఉండదు.

అందుకే సాయం ఊరి బయట వెతుక్కోవాలి. కూతుళ్లను దూరపు ఊళ్లకు ఇచ్చి పెళ్లి చేయడంలోనూ ఈ లెక్క ఉందని 1989లో రోజెన్‌జ్వైగ్, ఒడెడ్ స్టార్క్ వాదించారు. దూరం పెరిగే కొద్దీ రెండు ఊళ్లలో ఒకేసారి వాన తప్పే అవకాశం తగ్గుతుంది. వియ్యంకుల ఊరిలో పండితే ఇక్కడి ఇంటికి ఆసరా. పెళ్లి చూపుల్లో వర్షపాతం ప్రస్తావన ఎవరూ తేరు. అయినా ‘ఆ వైపు నీళ్లున్న ఊళ్లు’ అన్న మాట వినని తెలుగువారు తక్కువే.

బయటి ఆసరా లేనివారికి మిగిలే దారులు రెండు, అమ్మడం లేదా వెళ్లడం. రెండింటిలోనూ నష్టమే. కరవు ఏట ఎద్దులను సంతకు తోలుకెళితే అక్కడ అందరూ అమ్మేవారే, గ్రాసం లేక కొనేవారు తక్కువ. ధర పడిపోతుంది. మరుసటి ఏడు వాన వచ్చాక దుక్కికి ఎద్దులుండవు. అవే ఎద్దులను అప్పుడు ఎక్కువ ధరకు కొనాలి, లేదంటే అరక అద్దెకు తెచ్చుకుని వంతు కోసం ఎదురుచూడాలి. అదును తప్పుతుంది. ఒక ఏటి కరవు రెండో ఏటికి ఇలా సాగుతుంది.

కూలి విషయంలోనూ ఇదే సూత్రం. పంట పోయిన చిన్న రైతు కూడా కూలికి వెళతాడు. కూలీలు పెరిగి, పని తగ్గి, కూలి రేటు పడిపోతుంది. 1956–1987 మధ్య 257 భారతీయ జిల్లాల సమాచారాన్ని పరిశీలించిన సీమా జయచంద్రన్, బ్యాంకులు తక్కువగా ఉన్న, రాకపోకలు కష్టమైన జిల్లాల్లో ఈ పతనం మరింత తీవ్రమని 2006లో చూపారు. అప్పు పుట్టక, వలస పోలేక, ఎంతిచ్చినా పని చేయక తప్పని స్థితి అది. కూలి పెట్టుకునే భూస్వామికి అదే పరిణామం కొంత ఊరట. పంటలో పోయినది కూలి ఖర్చులో కొంత కలిసివస్తుంది. ఒకే కరవు ఒకరి నష్టాన్ని మరొకరి పైకి నెట్టే తీరు ఇది.

‘రైతు కుటుంబం’ అన్న మాటలోనే కూలి దాగి ఉందని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం రూ.10,218. అందులో పంటల వల్ల వచ్చేది రూ.3,798. కూలి, వేతనాల వల్ల వచ్చేది రూ.4,063. వాన తప్పితే ఈ రెండు పద్దులూ ఒకేసారి దెబ్బతినవచ్చు. అదే సర్వేలో అప్పున్న వ్యవసాయ కుటుంబాల వాటా దేశవ్యాప్తంగా దాదాపు 50 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో 92 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో కుటుంబంపై సగటు అప్పు రూ.2.45 లక్షలు. అప్పు ఎంతుందన్న దానితో పాటు ఎవరి దగ్గర ఉందన్నదీ ముఖ్యం. పట్టా ఉన్నవారికి బ్యాంకు రుణం రీషెడ్యూలు అవుతుంది. ఎరువుల దుకాణంలో ఖాతా పెట్టినవారికి ఆ సౌకర్యం లేదు. మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని గుంపుతో పనికి పోయిన పాలమూరు కూలీలు ఆ అప్పును నెలల తరబడి ఒళ్లు వంచి తీర్చారు.

బోరు ఎవరిది?

వాన లేనప్పుడు నేల కింది నీరు ఆదుకుంటుంది. ఆ నీటిని అందుకోవడానికి పెట్టుబడి కావాలి. నేలపై అమర్చే సాధారణ పంపు గాలి ఒత్తిడి ఆధారంగా నీటిని పైకి లాగుతుంది కనుక దాదాపు 8 మీటర్ల లోతు దాటితే అది పనిచేయదు. ఆపైన సబ్‌మెర్సిబుల్ మోటారు వేయాలి. ఈ 8 మీటర్ల గీత దాటిన చోట పేదరికం పెరిగినట్టు ఉత్తరప్రదేశ్ గ్రామాలపై షీతల్ సేఖ్రీ చేసిన అధ్యయనం చెబుతోంది. రాయలసీమ, తెలంగాణల్లో నేల అడుగున గట్టి రాతి పొరలున్నాయి. ఇక్కడ బోరు వేయడం జూదంతో సమానం. ఒకటి ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే మరింత లోతుకు. మూడు బోర్లు విఫలమైనా నాలుగోది వేయగల రైతు నిలుస్తాడు. మొదటిదానికే అప్పు చేసినవాడు నీళ్లు లేని భూమితో, వడ్డీతో మిగులుతాడు. కుండపోత వాన నేలలోకి ఇంకకుండా పారిపోవడం ఈ పందెంలో గెలుపు అవకాశాన్ని ఇంకా తగ్గిస్తోంది.

వాతావరణ మార్పు వల్ల వ్యవసాయ ఆదాయాలు సగటున 15–18 శాతం, నీటి వసతి లేని ప్రాంతాల్లో 20–25 శాతం తగ్గవచ్చని కేంద్ర ప్రభుత్వ 2017–18 ఆర్థిక సర్వే అంచనా వేసింది. దేశంలో సాగుదారుల కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువి. వాటి కింద ఉన్నది మొత్తం సాగు విస్తీర్ణంలో 47 శాతమేనని 2015–16 వ్యవసాయ గణన తెలిపింది.

ఇంటి లోపలి పంపకం

ఇప్పటి వరకు కుటుంబాన్ని ఒకే ముద్దగా చూశాం. ఇంటి లోపల కూడా నష్టం సమానంగా పంచుకోబడదు. 1969–71 నాటి గ్రామీణ కుటుంబాల వివరాలను విశ్లేషించిన ఎలైనా రోజ్, పసితనంలో వానలు బాగా కురిసిన చోట మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలు బతికే అవకాశాలు మెరుగుపడ్డాయని కనుగొన్నారు. ఈ వాక్యాన్ని తిరగేసి చదివితే అర్థం ఇంకా బాధాకరం. వానలు లేని ఏళ్లలో ఎవరిని ముందుగా నిర్లక్ష్యం చేశారో అది చెబుతుంది. వర్షపాతం సగటు కన్నా ఒక ప్రామాణిక విచలనం తగ్గిన సంవత్సరాల్లో నమోదైన వరకట్న మరణాలు సుమారు 8 శాతం పెరిగాయని సేఖ్రీ, ఆడమ్ స్టోరీగార్డ్ 2014లో తేల్చారు. పుట్టింటి నుంచి డబ్బు తెమ్మనడం, ఇంటి లోటును భర్తీ చేసుకునే దారుణమైన పద్ధతుల్లో ఒకటి.

చదువు విషయంలో ఫలితం మన ఊహకు ఎదురు నడుస్తుంది. మనీషా షా, బ్రైస్ స్టీన్‌బర్గ్ 2017లో చూపినదాని ప్రకారం, వాన బాగా కురిసిన ఏడు బడి ఈడు పిల్లల హాజరు, పరీక్షల్లో మార్కులు తగ్గుతాయి. పొలంలో పని దొరుకుతుంది, కూలి పెరుగుతుంది, పిల్లలు బడి మానుతారు. పసిపిల్లలకు మాత్రం మంచి వాన మంచి తిండిని ఇచ్చి, తర్వాతి చదువుకు మేలు చేస్తుంది. కాబట్టి ‘మంచి ఏడు’ అన్న మాట కూడా అన్ని ఇళ్లకూ, అన్ని వయసులకూ ఒకే అర్థం ఇవ్వదు.

వాన ఎక్కువైనప్పుడు

అతివృష్టికి తూనికలు వేరు. పత్తి తీసే వేళ, అక్టోబరు–నవంబరుల్లో అకాల వర్షం పడితే గింజతో ఉన్న పత్తి తడుస్తుంది. భారత పత్తి సంస్థ కేంద్రాల్లో 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర లభిస్తుంది. 12 శాతం దాటితే కొనరు. ధాన్యానికి ఆ పరిమితి 17 శాతం. పక్కా షెడ్డు, ఆరబెట్టే కళ్లం, పది రోజులు ఆగగల స్తోమత ఉన్నవారు తేమ తగ్గాక అమ్ముతారు. రెండు గదుల ఇంట్లో పత్తి మధ్యనే పడుకునే కౌలుదారు ఆ వారమే దళారీ చెప్పిన ధరకు ఇచ్చేస్తాడు.

పట్టణాల్లో ఈ తేడా అంతస్తుల్లో కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు రూ.25,000, పై అంతస్తుల వారికి రూ.10,000 చొప్పున సాయం ప్రకటించింది. ఆ వరుసలోనే ఒక వాస్తవం ఉంది. నేలకు దగ్గరగా ఉన్నవారే ఎక్కువ పోగొట్టుకున్నారు.

బీమా ఎవరిని చేరుతోంది?

మన దేశంలో వర్షపాతం ఆధారిత బీమా తొలి ప్రయోగం 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలోనే జరిగింది. బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు దీనిని అందించాయి. పొలానికి వెళ్లి పంట నష్టం అంచనా వేయనక్కరలేదు. వర్షమాపకంలో నమోదు నిర్ణీత స్థాయికన్నా తగ్గితే చాలు, డబ్బు వస్తుంది. ఆలోచన చక్కనిదే. కానీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో 2004లో దీనిని కొన్నవారు ఎవరని పరిశోధకులు ఆరా తీస్తే, కాస్త ఉన్నవారే ఎక్కువగా కొన్నారు. అప్పు దొరకని ఇళ్లు, నష్టానికి ఎక్కువగా భయపడే ఇళ్లు వెనకాడాయి. విత్తనాలు కొనే వేళ ప్రీమియం కట్టడానికి చేతిలో డబ్బు ఉండకపోవడం ఒక కారణం, కొత్త సంస్థపై నమ్మకం కుదరకపోవడం ఇంకొకటి.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ప్రీమియం అడ్డంకిని చాలావరకు తగ్గించింది. ఖరీఫ్ ఆహార పంటలు, నూనెగింజలకు రైతు వాటా 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగిలినది ప్రభుత్వాలు భరిస్తాయి. అయితే ప్రధాన నష్టాన్ని గ్రామం వంటి ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకుని, పంట కోత ప్రయోగాల సగటుతో లెక్కిస్తారు. చెరువు కింది పొలాలు నిలిచి, ఎగువ మెట్ట ఎండిన ఊరిలో ఆ సగటు ఎవరిని చూపుతుందో ఊహించవచ్చు.

ఇంకో చిక్కు కాగితానిది. సాగు చేసేవారి పేరు, పాసుపుస్తకంలోని పేరు ఒకటి కానప్పుడు పరిహారం ఎవరికి? ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేసి, కౌలుదారుకు 11 నెలల కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. దానికి భూ యజమాని అంగీకారం కావాలి. తన హక్కుకు ముప్పు వస్తుందన్న భయంతో సంతకం చేయని యజమానులున్న చోట కౌలుదారు మాటపైనే సాగు చేస్తాడు. తెలంగాణలో 2018లో ఎకరానికి సీజనుకు రూ.4,000తో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది. వాన తప్పితే కౌలు చెల్లించవలసిన వ్యక్తికి ఆ జాబితాలో చోటు లేదు.

భూమి, పైరు రెండూ లేని కూలీకి పంట బీమాలో స్థానమే లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఏటా 100 రోజుల పనిని, కరవు ప్రాంతాల్లో అదనంగా 50 రోజులను హక్కుగా చూపి ఈ ఖాళీని కొంత పూడ్చింది. బీమా వల్ల కూలీకి కొత్త చిక్కు వచ్చే వీలుందని ముష్ఫిక్ మొబారక్, రోజెన్‌జ్వైగ్ 2013లో హెచ్చరించారు. బీమా ఉన్న రైతు ధైర్యంగా, ఎక్కువ రాబడినిచ్చే, బెట్టకు తట్టుకోలేని పంట వేస్తాడు. వాన కురిస్తే పని, కూలి రెండూ పెరుగుతాయి. తప్పితే రెండూ మరింతగా పడిపోతాయి. అప్పుడు రైతుకు బీమా సొమ్ము వస్తుంది, కూలీకి రాదు. వారి ప్రయోగంలో భూమిలేని కూలీలకు కూడా అదే వర్షపాత బీమాను విక్రయించారు. అది చేతిలో ఉన్నప్పుడు, వాన తప్పిన ఏడు ఎంతకైనా సరే పనికి పోవలసిన తొందర వారిలో తగ్గింది. కూలి రేటు పతనం కూడా కొంత నెమ్మదించింది.